పది వేళ్ళూ కమానులే

మళ్ళీ లెక్కపెట్టాను. లెక్కపెట్టడానికి అక్కడ ఏమీ లేదని తెలిసి కూడా, భూతద్దానికి కన్ను ఆనించి, సూదిమొన గీతల మీద పెట్టి, కుడి బొటనవేలి దగ్గర మొదలై ఎడమ చిటికెనవేలి దాకా వచ్చాను. సున్నా, సున్నా, సున్నా. పది గళ్ళలో పది సున్నాలు. పొద్దుటి నుంచి నూట పద్నాలుగు మంది పిల్లల కార్డులు చూశాను, ఎవరికీ ఇలా లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ పోలీసు వేలిముద్రల నౌకరీలో దొంగల చేతులూ, దొమ్మీలవాళ్ళ చేతులూ, దిక్కులేని శవాల చేతులూ ఎన్ని వేలు చూశానో, అన్నిటిలోనూ ఒక్కటే ఇలా ఉంది. ఆ ఒక్కటీ ఇదీ ఇప్పుడు నా కళ్ళ ముందు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటున్నాయి. భూతద్దం పక్కన పెట్టినా పోవడం లేదు. కరెంటు పోయి అరగంటయింది. చంద్రపూర్‌లో, ఊరి నెత్తిన అంత పెద్ద పవర్ స్టేషన్ పెట్టుకుని, మే నెల మధ్యాహ్నం రెండున్నరకు ఫ్యాను ఆగిపోతుంది. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు. కిటికీలోంచి వచ్చే వడగాలికి కార్డుల కట్ట అంచులు లేచి పడుతున్నాయి, వాటిలో ఈ ఒక్క కార్డు మాత్రం కదలడం లేదు. నేనే దాని మీద మోచెయ్యి పెట్టుకున్నానని తర్వాత తెలిసింది.

ఇది నా పని కాదని గీతికకు మొదటే చెప్పాను. గీతిక మా జయప్రకాశ్ కూతురు. ఆయన పవర్ స్టేషన్‌లో ఇంజనీరు, బెజవాడ వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా మా పక్క లైన్లో ఉంటున్నాడు. ఈ పిల్ల పుణెలో డాక్టరీ చదివి, అక్కడే ఒక క్రీడల హాస్టల్ వాళ్ళతో కలిసింది. పిల్లల వేళ్ళ గీతలు చూసి, చుక్క రక్తం తీసి, ఎవరు పరుగెత్తుతారో ఎవరు బరువులెత్తుతారో ముందే చెప్పే విద్య అట. ఇప్పుడు దేనికైనా కంపెనీలు డబ్బు పెడుతున్నాయి కదా, దీనికీ ఎవరో పెట్టారు. ఇవాళ ఎంపిక జరుగుతున్న ఈ మైదానం చుట్టూ వాళ్ళ గుడ్డ బ్యానర్లు, పిల్లల నెత్తిన వాళ్ళ టోపీలు. "అంకుల్, కడుపులో నాలుగో నెలకే ఈ గీతలు పడిపోతాయి. నరాలు తయారయ్యేదీ అప్పుడే. ఒకదాన్ని చూస్తే ఇంకోదాని సంగతి తెలుస్తుంది" అంది. వేలిముద్ర నువ్వెవరివో చెబుతుంది గానీ నువ్వేమవుతావో చెప్పదమ్మా అన్నాను. నవ్వింది. రిటైరై రెండేళ్ళుగా ఇంట్లో పేపరు చదువుకుంటూ పెళ్ళాం మీద విసుక్కుంటున్న మనిషికి భూతద్దం మళ్ళీ చేతికిస్తే వద్దంటాడా అని దాని నవ్వుకు అర్థం. అది నిజమే, వద్దనలేదు.

మా విద్యలో ఆకారాలు మూడే. చుట్టు తిరిగేది చక్రం, వెళ్ళి వంగి వెనక్కి వచ్చేది లూపు, మూడోది కమాను. చిన్నప్పుడు మా నాయనమ్మ నా వేళ్ళు పట్టుకుని చక్రాలు లెక్కపెట్టి, ఏడున్నాయిరా, పది ఉంటే రాజువు, ఏడుంటే రాజు దగ్గర నౌకరువి అనేది. ఆమె జోస్యం తప్పలేదు. చక్రానికీ లూపుకీ ఒక నడిబొడ్డు ఉంటుంది, పక్కన దారులు చీలే చోటు ఒకటి ఉంటుంది, ఆ రెంటి మధ్యా ఎన్ని గీతలున్నాయో లెక్కపెడతాం. కమానుకు అవేవీ ఉండవు. ఒక పక్క నుంచి వచ్చిన గీత మధ్యలో కాస్త లేచి, ఏమీ జరగనట్టు అవతలి పక్కకు వెళ్ళిపోతుంది. తిరగదు, ఆగదు, వెనక్కి రాదు. అందుకని దాని లెక్క సున్నా. మనిషికి ఒకటో రెండో కమానులుంటే విశేషం. పది వేళ్ళకూ పది ఉండటం గీతిక కూడా పుస్తకంలోనే చూసిందట. లెక్క సున్నాకు ఎంత దగ్గరైతే కాలికి అంత వేగమని దాని పుస్తకం అంటుంది. పొద్దున ఈ కార్డు పిల్ల, కోమల, చెప్పులు లేని కాళ్ళతో వంద మీటర్లు పన్నెండు పాయింట్ తొమ్మిది సెకన్లలో పరుగెత్తినప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకున్న మాస్టరు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు, ఆగిపోయిందేమోనని. పదమూడేళ్ళ పిల్ల. గీతిక కార్డు చూసి, "అంకుల్, ఇది తండ్రి నుంచో తల్లి నుంచో వస్తుంది, కుటుంబంలో దిగుతుంది. తల్లివి చూశాను, అన్నీ లూపులే" అంది. అంతే అంది. అది అన్నప్పుడు నేను మంచినీళ్ళు తాగుతున్నాను, పొలమారింది.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. ఎవరు తలుచుకుంటారు నన్ను. కోమల చెయ్యి పట్టుకున్నప్పుడే నాకు తెలిసి ఉండాలి. నలభై ఆరు డిగ్రీల ఎండలో పరుగెత్తి వచ్చిన పిల్ల చెయ్యి నిప్పులా ఉండాలి కదా, అది చల్లగా ఉంది, బావిలోంచి అప్పుడే తీసినట్టు. పంపు కింద కడుక్కుని వచ్చిందేమో, వచ్చే ఉంటుంది, సిరా అంటాలంటే కడుక్కోమని నేనే చెబుతాను అందరికీ. అయినా ఆ చల్లదనం నా వేళ్ళకు ముందే తెలుసు. ఒక్కో వేలూ పట్టుకుని సిరా పలక మీద దొర్లించి, కార్డు మీద ఒక గోరంచు నుంచి రెండో గోరంచు దాకా దొర్లిస్తున్నాను. కొత్తవాళ్ళ వేలు ఎప్పుడూ ఎదురు తిరుగుతుంది, వదిలెయ్యి బిడ్డా, నేను తిప్పుతాను అని పదిసార్లు చెప్పాలి. ఈ పిల్ల వేళ్ళు మొదటిసారే నా చేతిలోకి వచ్చేశాయి. "సర్, మీరు నా ఏళ్ళు ముందే తెల్సినట్టు పట్టుకుంటున్నరు" అంది. మరాఠీ బడిలో చదివే పిల్ల, సార్ అనదు, సర్ అంటుంది. నేను నవ్వాను. నా అరచేతుల్లో వెంట్రుకలు ఉండవు, ఉంటే లేచి నిలబడేవి.

ఎనభై అయిదు ఆగస్టు. సాస్తి వైపు, వాడకం మానేసిన పాత బొగ్గుగని గుంత ఒకటి వానకు నిండింది. అందులో ఒక మనిషి తేలాడు. ఎన్నాళ్ళయిందో, మొహం చూసి చెప్పే స్థితి దాటిపోయింది. ఒంటి మీద బనీను, మొలతాడు, అంతే. నన్ను పిలిచారు, అలాంటి వాళ్ళ దగ్గరికి పోలీసుల్లో చివరిగా పిలిచేది మమ్మల్నే. నీళ్ళలో నానిన చేతికి తోలు వదులవుతుంది, వేలిముద్ర నిలవదు. అప్పుడు ఒకటే దారి. వేలి కొసన తోలు జాగ్రత్తగా, చిన్న టోపీ లాగా, చిరగకుండా తీయాలి. స్పిరిట్‌లో కడగాలి. పల్చని రబ్బరు తొడుగు వేసుకున్న మన వేలికి దాన్ని తొడుక్కోవాలి. తర్వాత సిరా అద్ది, మన వేలు దొర్లించినట్టే దొర్లించాలి. పది వేళ్ళూ అలాగే చేశాను. ఆ పూట కాసేపు నేను అతన్ని తొడుక్కున్నాను. అతని చేత్తో నేను సంతకం పెట్టాను. కాగితం మీద ఒకదాని తర్వాత ఒకటి కమానులు లేస్తుంటే, వరుసగా కప్పెట్టిన మట్టికుప్పల్లా, దవాఖానా కాంపౌండర్ సమ్మయ్య "ఏంది సార్, గట్ల చూస్తున్నరు" అన్నాడు. పది అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చూశాను. చేతులు కార్బాలిక్ సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా ఆ రాత్రి అన్నం స్పూనుతో తిన్నాను. చాలాకాలం పొద్దున లేవగానే నా వేళ్ళు చూసుకునేవాణ్ణి, నావి నాకే ఉన్నాయా అని. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

మూడో రోజు ఒక ఆడమనిషి వచ్చింది. ఇప్పుడు వరండాలో గోడకానుకుని కూర్చున్న మనిషే, కోమల తల్లి రాజమ్మ. ఊరు లక్కడ్‌కోట్, ఇటు మహారాష్ట్ర కొస, నాలుగడుగులేస్తే అటు ఆంధ్ర. మొగుడు ఎర్రయ్య. ఆసిఫాబాద్ అంగడికి ఎద్దులు చూసివస్తానని పోయి ఇరవై రోజులైంది, రాలేదు. చంకలో నాలుగు నెలల పిల్ల ఏడుస్తోంది. అటు పోయినవాడు ఇటు ఎట్లా తేలతాడని స్టేషన్లో నవ్వారట, అయినా నా దగ్గరికి పంపారు. చదువు లేని మనిషి వేలిముద్ర ఏదో కాగితం మీద ఉంటుంది, తెమ్మన్నాను. తెచ్చింది. బావి తవ్వకానికి పెట్టుకున్న దరఖాస్తు, కింద ఎర్రయ్య అని మరాఠీలో ఎవరో రాసిన పేరు, పక్కన ఎడమ బొటనవేలి ముద్ర. చక్కటి చక్రం. నిండుగా, నడిబొడ్డు కన్నులా ఉంది. శవం బొటనవేలు కమాను. చక్రం కమాను కాదు, బ్రహ్మదేవుడు దిగివచ్చినా కాదు. భూతద్దం అవసరమే లేదు. అయినా పెద్దమనిషి తరహాగా రెండు నిమిషాలు భూతద్దంలో చూసి, తలెత్తి, "నీ పెనిమిటి కాదమ్మా. బతికే ఉండొచ్చు, ఇంటికి పో" అన్నాను. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. నా మాటతో ఒక ఆడదాని బొట్టు నిలబెట్టానని ఆ పూట నాకు గర్వంగా కూడా ఉంది. శవాన్ని మున్సిపాలిటీ వాళ్ళు పాతిపెట్టారు. నా ఫైలు మీద గుర్తు తెలియని పురుషుడు అని రాసి కట్ట కట్టేశాను.

నేను చేసిన తప్పు ఏమిటో ఈ గంటలో వందసార్లు తేల్చుకున్నాను. ఆ వేలు వేస్తుండగా చూసిన సాక్షి ఎవరని అడగాలి. అది మా పాఠంలో మొదటి పాఠం. రాజురా తాలూకా ఊళ్ళల్లో ఈ సంగతి తెలియని మనిషి ఉండడు. కాగితం రాసుకునే గుమాస్తా వచ్చినప్పుడు అన్న చేనుకు పోతే తమ్ముడు వేలేస్తాడు, తమ్ముడు లేకుంటే బావమరిది వేస్తాడు. వేలే కదా, ఇంట్లో ఎవరిదైతేనేం అని. నవ్వుకుంటూ వేస్తారు, పాపం అనుకోరు. నేను ఆ జిల్లాలోనే పుట్టి, ఆ సంగతి నాకు తెలిసి, అడగలేదు. ఎందుకంటే పిల్ల ఏడుస్తోంది, నాకు ఆకలేస్తోంది, చక్రమూ కమానూ అంత స్పష్టంగా ఉన్నాయి. నా విద్య తప్పు చెప్పలేదు. ఆ రెండు వేళ్ళూ ఒకరివి కావు, అది నిజం. ఆ నిజం నుంచి నేను ఇంకో మాటకు గెంతాను. రిటైరైన రోజు శాలువా కప్పి, అచ్యుతరావుగారి రిపోర్టు ఒక్కటి కూడా తప్పిపోలేదు అని చదివారు. ఆ కాగితం ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టుకున్నాను. మా ఆవిడ ఝాన్సీలక్ష్మి దాని మీద దుమ్ము రోజూ తుడుస్తుంది, దేవుడి పటాల కంటే ముందు.

ఒంటిగంటకు గీతిక కోమల హాస్టల్ దరఖాస్తు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "తండ్రి సంతకం కావాలి అంకుల్. చనిపోయుంటే తల్లి వేలిముద్ర చాలు, సర్టిఫికెట్ నెలలోపు పంపొచ్చు. ఈవిడ చనిపోలేదంటోంది. ఎక్కడున్నాడంటే తెలీదంటోంది. తప్పిపోయాడు అని రాయడానికి ఇందులో గడి లేదు." పక్క గదిలో రాజమ్మ గొంతు నాకు వినిపించింది, "పోలీసు సారే చెప్పిండమ్మా, బతికే ఉన్నడని." పదమూడేళ్ళుగా ఎంతమందికి చెప్పి ఉంటుందో, మాట నున్నగా అరిగిపోయి ఉంది. నుదుట రూపాయంత బొట్టు, మెడలో పుస్తెలు, కాళ్ళకు మట్టెలు. అవన్నీ నేను పెట్టినవే. నాలుగు గంటలకు కాగితాలన్నీ తీసుకుని జీపు నాగ్‌పూర్ పోతుంది, అక్కడి నుంచి పుణె. ఏడు పేర్లు పోవాలి, ఆరు పక్కా అయ్యాయి. కోమల కాగితం నా బల్ల మీద ఉంది. తండ్రి గడి ఖాళీగా ఉంటే ఈ పిల్ల ఈ సాయంత్రం రాజురా బస్సెక్కి లక్కడ్‌కోట్ వెళ్ళిపోతుంది, ఇంకో రెండేళ్ళలో ఎవడి పత్తిచేలోనో తేలుతుంది. ఆ గడి నింపగలిగిన మనిషి ఈ జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఇక్కడ కూర్చుని సున్నాలు లెక్కపెడుతున్నాడు.

కోర్టు ఒప్పుకోదు, అది వేరే సంగతి. తండ్రి వేళ్ళు ఇలా ఉంటే పిల్ల వేళ్ళు ఇలా ఉండొచ్చు అంటే జడ్జి నవ్వుతాడు. కానీ నాకు తెలుసు. అదే నెల తప్పిపోయిన మనిషి, అదే నెల తేలిన మనిషి, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒకే ఒక్కసారి చూసిన చెయ్యి. ఊరుకుంటే ఎవరు అడుగుతారు. పిల్లకు అదృష్టం లేదనుకుంటారు, తల్లి బొట్టు నిలుస్తుంది, నా ఫ్రేము గోడ మీదే ఉంటుంది. ఒక వేలి మీద చెమట చుక్క పడిందని కార్డు చెరిపేస్తే సరి, ఇంకోటి తీయడానికి టైములేదు. ఇలా అనుకుంటుండగా నా వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. తిరిగి చూడలేదు. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు, అందుకే చూడలేదు. ఎవరూ లేకపోవడమే అక్కడ నిలబడి ఉంది, తడి బనీనుతో, ఓపిగ్గా. అతనికి తొందర లేదు. పదమూడేళ్ళు పేరు లేకుండా మట్టిలో ఉన్నవాడికి నాలుగు గంటల జీపు ఒక లెక్క కాదు. మైదానంలో ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు వచ్చింది, మెత్తగా, వట్టి కాళ్ళు బొగ్గుపొడి మీద. కిటికీలోంచి చూస్తే ఎవరూ లేరు, ఎండ ఒక్కటే ఉంది. చప్పుడు ఇంకాసేపు వచ్చి ఆగింది. నా గుండె కొట్టుకోవడమే విన్నానేమో. నాకు భయం వేసింది. అరవై ఏళ్ళ మనిషికి, శవాలతో అన్నం తిన్న మనిషికి, మూడు గంటల ఎండలో భయం వేసింది.

సిరా పలక మీద నా కుడి బొటనవేలు ఒత్తి, చిత్తుకాగితం మీద దొర్లించాను. చక్రం. నాదే. ఇంకోటి వేశాను, అదీ చక్రమే. ఏడు చక్రాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. దీన్ని చూసుకుని ఊపిరి పీల్చుకునే గతికి వచ్చానా అనిపించి, నా మీద నాకే నవ్వొచ్చి, ఆ నవ్వుతోనే లేచాను. లేచాక మళ్ళీ కూర్చుంటే ఇక లేవలేనని తెలుసు కాబట్టి, దరఖాస్తూ సిరా పలకా తీసుకుని వరండాలోకి వచ్చాను.

రాజమ్మ నన్ను చూసి కొంగు సర్దుకుంది. కోమల దూరంగా పంపు కింద తల పెట్టి నీళ్ళు పోసుకుంటోంది. నేను మెట్టు మీద, ఆమెకు ఎడంగా కూర్చున్నాను.

"నన్ను గుర్తువట్టినవా రాజమ్మా?"

"పొద్దుగాలనే వట్టిన సారూ. మీసం తీసేసినవు గదా."

ఇంత తేలిగ్గా అంటుందనుకోలేదు. నోట్లో తయారు చేసుకున్న మాటలు చెదిరిపోయాయి. మిగిలినవి చెప్పాను. "అప్పుడు నేను తప్పు చెప్పిన. ఆ గుంతల మనిషి ఎర్రయ్యే. నీ బిడ్డ వేళ్ళు చూస్తే తెలిసింది. నువ్వు తెచ్చిన కాయితం మీద వేలు ఎవరిదో అడగాలి, అడగలేదు. తప్పు నాది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. పంపు వైపు చూస్తూ, "అది మా మరిది ఏలు. మొండయ్యది" అంది.

"నీకెరుకేనా?"

"నా ముంగటనే ఏసిండు, ఎర్క లేకేంది. ఆయన ఏలున్న కాయితం ఇంటికాడ సందుగ పెట్టెల ఉండె. గది కావాల్ననే తీస్కరాలే. దవాఖాన్ల మూలకు చాప కప్పి ఉండె సారూ. కాలు ఇంత బయటికుండె. మొగని కాలు పెండ్లానికి ఎరుక గాదా?"

వడగాలి వరండాలో దుమ్ము లేపి వదిలింది. నా ఒళ్ళంతా చెమట, వీపు మాత్రం చల్లబడింది. ఎందుకని అడిగానో, అడగకుండానే చెప్పిందో.

"సచ్చిండంటే మూడు నెల్లల్ల మొండయ్యకు కట్టవెడుతుండిరి. మా ఇండ్లల్ల గంతే, అన్న పోతే తమ్ముడు. వాడు తాగుతడు, కొడతడు. మొదటి పెండ్లాం బాయిల వడ్డది. పోలీసు సారే అద్దం వెట్టి చూసి చెప్పిండు, బతికున్నడని, అంటే ఎవ్వడు నోరు తెర్వలే. మా అత్త గూడ నమ్మింది. నీ మాట మీదనే బతికిన సారూ ఇన్నేండ్లు. నువ్వు మనసుల వెట్టుకోకు."

నాకు కోపం రావాలి. నా విద్యను, నా భూతద్దాన్ని, చదువురాని ఒక మనిషి చేతికర్రలా వాడుకుంది. రాలేదు. గంటసేపు మోసిన బరువు దించుకోవడానికి వస్తే, అది నాది కాదని ఆమె తీసేసుకుంది, నా చేతులు ఖాళీగా మిగిలాయి. తప్పు చేయని పేరు మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు బతికినవాణ్ణి, నా జీవితంలో ఒకరికి నిజంగా పనికొచ్చింది ఆ ఒక్క తప్పే అని తెలిశాక ఏమనుకోవాలో తోచలేదు.

"ఇప్పుడేమని రాయాలె?" అన్నాను.

"సచ్చిండనే రాయి. నాకు నెత్తి నెరిసింది, మొండయ్యకు పచ్చవాతమొచ్చి మంచంల వడ్డడు. ఇగ నన్నెవ్వడు కట్టుకుంటడు." నవ్వినట్టే అంది. తర్వాత గొంతు తగ్గించింది. "గాని పిల్లకు చెప్పలే సారూ."

"ఏమని చెప్పినవు?"

"నాయిన ఆసిఫాబాద్ బస్సుకు వస్తడని చెప్పిన. ఎవలన్న అడిగితే పిల్ల గూడ గదే చెప్పాలె గదా. చిన్నపిల్ల, నిజమనుకుంటెనే నిజం లెక్క చెప్తది. ఐదేండ్లప్పటి సంది రోజు పొద్దుగూకంగ చేన్ల నుంచి సడక్ దాంక ఉరుకుతది. బస్సు ఆగేటాలకు ఆడ నిలవడాలె. దిగినోళ్ళందరి మొకాలు చూసి మర్లొస్తది. గట్లనే నేర్సింది ఉరుకుడు. మీరేమో ఏళ్ళల్ల ఉన్నదంటున్నరు." నా చేతిలో కాగితం వైపు చూసింది. "ఆయన రాడని తెలిస్తే ఉరుకుతదా సారూ అది?"

నేను నిపుణుణ్ణి. ఇలాంటి ప్రశ్నలకు జవాబు రాయడానికే జీతం తీసుకున్నాను. పెన్ను తీసి, తండ్రి అన్న చోట మరాఠీలో మయత్, అంటే చనిపోయాడని, రాశాను. ఆడవాళ్ళది కుడి బొటనవేలు, నేను అడగకముందే రాజమ్మ కుడి చెయ్యే చాపింది. సిరా అద్ది దొర్లించాను. కలుపు తీసీ తీసీ గీతలు సగం అరిగిపోయాయి, మసక మచ్చ ఒకటి పడింది. అదే చాలన్నాను. వేలు తుడుచుకోవడానికి గుడ్డపీలిక ఇస్తే తీసుకోలేదు, చీర అంచుకే తుడుచుకుంది.

కోమల తడి జుట్టుతో వచ్చింది. "నా ఫారం ఆహే కా సర్, నాదేనా?" అంటూ నా చేతిలోంచి తీసుకుంది. మాకు మరాఠీ బళ్ళే, అక్షరం ముక్క రాని తల్లులకు పిల్లలే చదివి పెడతారు. ఆ అలవాటు కొద్దీ తల్లి పక్కన నిలబడి గట్టిగా, బడిలో పాఠం లాగా చదవసాగింది. పేరు, ఊరు, తరగతి, పుట్టిన తేదీ. తండ్రి గడి దగ్గరికి వచ్చి ఆగింది. వేలు పెట్టి చూసుకుంది.

"సర్, ఈడ తప్పు రాసిండ్రు."

రాజమ్మ నేల చూస్తోంది. జీపు డ్రైవరు గేటు దగ్గర ఇంజను వేశాడు. గీతిక లోపలినుంచి అయిందా అంకుల్ అని అడుగుతోంది.

"తప్పు కాదు బిడ్డా" అన్నాను.

ఆ పిల్ల నా మొహం చూసింది. తల్లి మొహం చూసింది. ఎప్పుడు అని అడిగింది. నీకు నాలుగు నెలలప్పుడు అన్నాను. కోమల కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది, ఈసారి పైకి కాదు, పెదవులు మాత్రమే కదిలాయి. ఆఖరికి దాన్ని జాగ్రత్తగా నా చేతికిచ్చింది, తడి చేతుల మచ్చ పడకుండా అంచు పట్టుకుని.

"అవ్వా" అంది తల్లితో, "మరి ఇయ్యాల బస్సు కాడికి పోవాల్నా, వద్దా?"